పనికి పిలిచిన వీధి

మార్చి 3

ఇల్లు పోయింది. బావ ఇల్లు.

మధ్యాహ్నం మా వీధి గుమాస్తాకి గడ్డం గీస్తున్నాను. ఒక చెంప అయింది, రెండో చెంప నిండా నురగ. బయట ఎవరో అరిచారు. షాపు గుమ్మంలోంచి చూస్తే వీధి చివర నల్లటి పొగ. కత్తి ఎక్కడ పడేశానో, ఎలా పరుగెత్తానో తెలియదు. నా వెనకాలే గుమాస్తా, మెడలో టవలుతో, సగం మొహాన నురగతో. నోటి దురుసు మనిషే గాని, మంటలు ఆరేదాకా బిందె కింద పెట్టలేదు.

ఫైరింజను వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఎవరిదో లారీ అడ్డం. పైపు లాక్కుంటూ వచ్చేసరికి పైకప్పు కూలిపోయింది. రెండు గదులూ పోయాయి, వెనక సామాను గదీ పోయింది. వైర్ల చుట్టలు కాలిన వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. బావ భార్య, నేను చెల్లెమ్మా అని పిలిచే మనిషి, కుళాయి దగ్గర ఉంది. పాప బడిలో ఉంది. బావ పక్క వీధిలో ఎవరింట్లోనో ఫ్యాను బిగిస్తున్నాడు. కబురు అంది వచ్చి, చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఫైరింజనుతో వచ్చినాయన వివరాలు రాసుకుంటూ నన్ను అడిగాడు. "మీరేమవుతారు?"

"స్నేహితుణ్ణి."

"బావా బావా అని ఏడుస్తున్నారుగా?"

"చిన్నప్పటి నుంచీ అలాగే పిలుచుకుంటామండీ."

ఏడ్చినట్టు నాకు తెలియనే తెలియదు.

మా ఆవిడ ఒక్క మాట అడగకుండా ముందు గది ఖాళీ చేసింది. ముగ్గురినీ ఇంటికి తెచ్చాం.

మార్చి 4

బావ మాట్లాడలేదు. తిన్నాడు, పడుకున్నాడు, లేచాడు. మాట్లాడలేదు.

మార్చి 6

నా కుర్చీలో కూర్చున్నవాడు మధ్యలో లేచి పోలేడు. ఇన్నేళ్ళకు ఈ వృత్తిలో ఉన్న సుఖమేమిటో తెలిసింది. కత్తి గడ్డం కిందికి వచ్చాక మొదలుపెడతాను. "బావ వాళ్ళ సంగతి విన్నారుగా?" అంటాను. తల ఊపడానికి కూడా వీల్లేదు కదా, "ఊఁ" అంటారు. "మీ ఇంట్లో వాడని పరుపు ఉంది కదా?" అంటాను. మళ్ళీ "ఊఁ". సాయంత్రానికి పరుపు వచ్చేస్తుంది.

రిటైరైన టీచరమ్మ దుప్పట్లు పంపింది. మేస్త్రి వాళ్ళావిడ వంట గిన్నెలు ఇచ్చింది. పాప చదివే బడి వాళ్ళు పుస్తకాలు ఇచ్చారు. గుమాస్తా రెండు కుర్చీలు స్వయంగా మోసుకొచ్చాడు. ఇప్పుడు వీధిలో అతన్ని సగం గడ్డం అంటున్నారు. అతనూ నవ్వుతున్నాడు. షాపు వెనక అడుగు పెట్టే చోటు లేదు. మా వీధి ఇంత మంచిదని నాకే తెలియదు. కొంచెం గర్వంగా కూడా ఉంది, రాసుకుంటే తప్పేముంది.

అద్దం మీది లైటు మిణుకుమంటోంది. చూడాలి.

మార్చి 9

గుమాస్తా కుర్చీలో కూర్చుని అద్దంలోంచి నన్నే చూస్తూ అన్నాడు. "ఏమనుకోకు గాని, వీధిలో ఇంటింటికీ వైర్లు లాగింది అతనే కదా?"

"అయితే?"

"షార్ట్ సర్క్యూటట. ఫైరింజను వాళ్ళే అన్నారు. కరెంటు పనోడి ఇల్లు కరెంటు వల్ల కాలిందంటే మరి మన ఇళ్ళ సంగతేంటి?"

నాకు ఒళ్ళు మండింది. "దిగండి," అన్నాను.

"ఇంకా చెవి పక్కన..."

"చెవి పక్కన రేపు చూద్దాం. దిగండి."

సగం క్రాపుతో వెళ్ళాడు. వాడి అదృష్టమే అంత. కాసేపు నాలో నేను నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. గుమాస్తా అన్నది వాడొక్కడి మాట కాదు. నిన్న మేస్త్రి ఇంట్లో మోటారు చెడితే బజారు నుంచి ఎవరినో పిలిచారు. టీచరమ్మ ఇంట్లోనూ అంతే. దుప్పట్లు ఇచ్చిన టీచరమ్మే.

బావ ఫోను మంచం పక్కనే ఉంటుంది. రోజంతా మోగేది. ఇప్పుడు మోగడం లేదు.

మార్చి 12

లైటుకు కొత్త ట్యూబు తెచ్చి వేశాను. అయినా మిణుకుమంటూనే ఉంది. స్విచ్చి బోర్డు వేడెక్కుతోంది. బావను అడగొచ్చు. కాని ఈ స్థితిలో ఇబ్బంది పెట్టడం బాగుండదు.

మార్చి 13

బావ ఇవాళా బయటికి వెళ్ళలేదు. విశ్రాంతి మంచిదే.

మార్చి 16

చెల్లెమ్మ నాకు టీ ఇచ్చి, వెళ్ళకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏదో చెప్పాలని వచ్చిందని తెలుస్తూనే ఉంది.

"మా పెద్దన్నయ్య ఫోన్ చేశాడు అన్నయ్యా. వాళ్ళ ఊళ్ళో గోడౌన్లో కాపలా పని ఉందట. ఇంటితో సహా ఇస్తారట. వచ్చేయమంటున్నాడు."

"బావ కాపలా కాస్తాడా? వాడికి ఒక్కచోట కాలు నిలవదు కదమ్మా!"

"ఇప్పుడు పొద్దస్తమానం ఒక్కచోటే కూర్చుంటున్నారు, చూడట్లేదా?"

 టీ గ్లాసు కింద పెట్టి అన్నాను. "తొందరపడొద్దు. మళ్ళీ ఇల్లు లేపుదాం. మేస్త్రితో మాట్లాడతాను. వీధంతా తలో చెయ్యి వేస్తుంది."

"వేస్తారు అన్నయ్యా. మీరు అడిగితే కాదనరు. ఇల్లు లేపుతారు, సరే. ఆ ఇంట్లో కూర్చుని ఆయన ఏం చేస్తారు? ఒక్కరైనా పనికి పిలుస్తున్నారా?"

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

మార్చి 18

బావ పాపను బడిలో దింపడానికి వెళ్ళిన సమయం చూసి బజారు నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించి బోర్డు మార్పించాను. పెద్ద పనేం కాదు. బావను ఎక్కడ శ్రమ పెట్టాలి? మనసు బాగాలేనప్పుడు కరెంటు పని చేయిస్తే ఏదైనా అయితే? అతని మంచి కోసమే. షాపులో జుట్టూ నూనె సీసాలూ గుడ్డలూ, చిన్న నిప్పురవ్వ చాలు. ఏ షాపువాడైనా ఈ మాత్రం జాగ్రత్త పడతాడు. అతని మీద నాకు అనుమానం ఉండి కాదు. అతని మంచి కోసమే.

రెండుసార్లు రాశాను ఈ మాట.

మార్చి 19

బావ షాపుకు వచ్చాడు. మంట రోజు తర్వాత ఇదే మొదటిసారి. గడ్డం బాగా పెరిగిపోయింది. "పాప గుచ్చుకుంటోందంటోంది బావా," అని కుర్చీలో కూర్చున్నాడు.

తల వెనక్కి వాల్చగానే కళ్ళు గోడ మీదికి వెళ్ళాయి. కొత్త బోర్డు తెల్లగా మెరుస్తోంది. నేను బ్రష్ తిప్పుతూ ఉండిపోయాను. గిన్నెలో నురగ పొంగి చేతి మీదికి వచ్చింది.

"ఎవరు చేశారు?"

"ఎవరో... దారినపోతూ కనిపిస్తే..."

"బాగానే చేశాడు." కాసేపు చూశాడు. "కింద టేపు సరిగా చుట్టలేదు. తడి చేత్తో ముట్టుకోకు బావా."

అంతే అన్నాడు. కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, గొంతు నా కత్తికి ఇచ్చాడు. నేను కత్తి తాకించాను. అతని ఊపిరి మామూలుగా నడుస్తోంది. కంఠం దగ్గర నరం కొట్టుకోవడం నా వేలికి తెలుస్తోంది. నేను రెండుసార్లు కత్తి తీసి మళ్ళీ తాకించాను. అతను మాత్రం కదల్లేదు.

ఇంకేమీ రాయలేను.

మార్చి 20

షాపు తెరవలేదు. ఒంట్లో బాగాలేదని మా ఆవిడకు చెప్పాను. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "జ్వరం లేదే?" అంది.

బోర్డు సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. కూరగాయలు తరుగుతూనే అంది. "ఊరందరినీ అడిగావు. పరుపులివ్వండి, గిన్నెలివ్వండి అని. బాగానే ఉంది. ఆయనకు పని ఇవ్వండి అని ఒక్కరినైనా అడిగావా?"

"నేనే ఇవ్వకుండా ఎవరినడగను?"

"అయితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిందిగా," అంది.

మార్చి 21

పొద్దున్నే బావ పక్కన కూర్చున్నాను. "షాపులో వైరింగంతా పీకేసి మళ్ళీ చెయ్యాలి బావా. నువ్వే."

"కొత్త బోర్డు బాగానే ఉందిగా."

"బోర్డు బాగానే ఉంది. నేనే బాగాలేను. నీ వెనక వేరేవాణ్ణి పిలిచాను. భయపడ్డాను."

నా వైపు చూడలేదు. తన చేతులు చూసుకుంటూ అన్నాడు. "నేనూ భయపడుతున్నాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

తర్వాత చెప్పాడు. పొయ్యి గది గోడ వెనక ఒక పాత వైరు ఉండేదట. మార్చాలి మార్చాలి అని చెల్లెమ్మ ఎన్నిసార్లు అన్నదో. అందరి ఇళ్ళకూ పరుగెత్తాడు, తన ఇంటికి మాత్రం రేపు అన్నాడు. ఎప్పుడూ రేపే.

"ఆ వైరే అంటుకుందా?"

"తెలీదు బావా. కావచ్చు, కాకపోవచ్చు. అంతా బూడిదయ్యాక ఎవడు చెప్పగలడు? రేపెవరైనా నిలదీసి అడిగితే ఏం చెప్పను?"

"ఇదే చెప్పు."

"చెబితే ఇక జన్మలో ఎవరూ పిలవరు."

"చెప్పకపోయినా పిలవట్లేదుగా!"

నాలుక కరుచుకున్నాను. అతను మాత్రం నవ్వాడు. ఇన్ని రోజులకు మొదటిసారి.

మార్చి 23, ఆదివారం

షాపులో కరెంటు తీసేసి, కుర్చీని వీధిలోకి లాగి, గోడకు అద్దం ఆనించాను. లోపల బావ గోడలు గోకుతుంటే బయట ఎండలో నేను క్షవరాలు చేస్తున్నాను. ఆదివారం కదా, జనం బాగానే ఉన్నారు. వచ్చిన ప్రతివాడూ "ఏంటి ఈ వేషం?" అనడం, నేను "లోపల మా బావ వైరింగు చేస్తున్నాడు" అని కావాలనే గట్టిగా చెప్పడం. కొందరు మొహమొహాలు చూసుకున్నారు. ఒకతను పనుందని జారుకున్నాడు. గుమాస్తా మాత్రం అరుగు మీద చేరి పేపరు చదువుతున్నట్టు నటిస్తూ లోపలికే చూస్తున్నాడు.

పదకొండు దాటాక టీచరమ్మ గొడుగేసుకుని వచ్చింది. వీధిలో సగం మందికి చదువు చెప్పిన మనిషి. ఆవిడ నిలబడితే చేతుల్లో సిగరెట్లు మాయమవుతాయి. నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"ఒరేయ్, ఇటు రా."

బావ దుమ్ము కొట్టుకున్న జుట్టుతో బయటికి వచ్చాడు.

"వెనకాల గుసగుసలు నాకు నచ్చవు. అందుకే ఎదురుగా అడుగుతున్నాను. నీ ఇల్లెందుకు కాలిందిరా?"

కుర్చీలో ఉన్నవాడి తల మీద నా కత్తెర ఆగిపోయింది.  బావ నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. అనాల్సింది నేను కాదు.

"సరిగ్గా తెలీదు టీచర్. ఒక పాత వైరు మార్చకుండా వదిలేశాను. దాని వల్లే కావచ్చు. అందరి ఇళ్ళలో చేసి, నా ఇంట్లో రేపు చేద్దాం అన్నాను. నా పెళ్ళాం చెప్తూనే ఉంది. వినలేదు."

"అంటే తప్పు నీదే కావచ్చు."

"కావచ్చు టీచర్."

ఆవిడ గొడుగు మడిచింది. "మా ఇంట్లో వైర్లు ఎప్పటివి?"

"మీ ఇంట్లో..." బావ నుదురు తుడుచుకున్నాడు. "మీ అబ్బాయి పెళ్ళికి ముందు వేశాను. పాతబడ్డాయి. మెయిను దగ్గరివి మార్చాలి. ఎప్పుడో చెప్పాల్సింది."

"మరైతే రేపు పొద్దున్నే వచ్చేయ్. రేపు అంటే రేపే. నీ రేపు కాదు."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. మేస్త్రి అనుకుంటాను. తర్వాత అందరూ నవ్వారు. బావ కూడా నవ్వుతున్నాడనుకున్నాను. చూస్తే మొహం మోచేత్తో కప్పుకున్నాడు, భుజాలు కదిలిపోతున్నాయి.

టీచరమ్మ అటు తిరిగి గుమాస్తాతో అంది. "పేపరు తిరగేసి పట్టుకున్నావు."

మార్చి 27

బావ ఫోను మోగింది. మేము అన్నం తింటున్నాం. ఎడమ చేత్తో ఎత్తి, "ఆఁ వస్తున్నా," అన్నాడు. చెల్లెమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. మా ఆవిడా వెనకాలే వెళ్ళింది. ఇద్దరూ చాలాసేపు బయటికి రాలేదు.

మార్చి 30

వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి పాత వైర్లు చూస్తానంటున్నాడు బావ. పిలవని ఇళ్ళకు కూడా. "నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు" అంటాడు. మేస్త్రి ఇది విని షాపుకు వచ్చి బల్ల గుద్ది చెప్పాడు. "అతను మన ఇళ్ళు చూస్తున్నాడు, మనం అతని ఇల్లు చూద్దాం. ఆదివారాలు నావి. మనుషుల్ని నువ్వు తీసుకురా."

మనుషుల్ని తేవడానికి నా కుర్చీ ఉందిగా.

ఏప్రిల్ 6, ఆదివారం

శిథిలాలు ఎత్తిపోశాం. వీధి వీధంతా వచ్చింది. నల్లగా మసిబారిన మొహాలు చూసి ఎవరు ఎవరో గుర్తుపట్టలేక ఒకరినొకరు పిలుచుకుంటుంటే పాపకు నవ్వాగలేదు. మేస్త్రి దండనాయకుడిలా అరుస్తున్నాడు. టీచరమ్మ గొడుగు కిందే కూర్చుని అందరికీ మంచినీళ్ళు ఇచ్చింది. గుమాస్తా మాత్రం రాలేదు.

చెల్లెమ్మకు బూడిదలో ఇనప అట్లకాడ ఒకటి దొరికింది. వంకరపోయింది. పారేస్తుందనుకున్నాను. రాయి మీద పెట్టి సుత్తితో కొట్టి తిన్నగా చేసింది.

చేతులు బొబ్బలెక్కాయి. కలం పట్టుకోవడం కష్టంగా ఉంది. బాగుంది.

ఏప్రిల్ 7

కత్తి పట్టుకోవడం ఇంకా కష్టం. ఇవాళ ఇద్దరికి గాట్లు పడ్డాయి. ఏమీ అనలేదు వాళ్ళు. వాళ్ళ చేతులూ అలాగే ఉన్నాయి.

ఏప్రిల్ 20, ఆదివారం

చెల్లెమ్మ పెద్దన్నయ్య వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. గోడౌను వాళ్ళు ఇంక ఆగరట, పరాయి ఇంట్లో ఎన్నాళ్ళుంటారు, బయల్దేరండి అన్నాడు. మాట పెళుసు గాని మనిషి మంచివాడే. చెల్లెలి మీద బెంగతోనే ఇంత దూరం వచ్చాడు.

 బావ "నీ ఇష్టం" అన్నట్టు చెల్లెమ్మ వైపు చూశాడు. ఆమె అన్నను చెయ్యి పట్టుకుని వీధి చివరికి తీసుకెళ్ళింది. గోడలు నడుము ఎత్తు లేచాయి. మేస్త్రి తాడు పట్టి చూస్తున్నాడు. ఇటుకలు చేతులు మారుతున్నాయి, వరసలో డాక్టరుగారి కాంపౌండరూ, బడి అటెండరూ, మా ఆవిడా.

"వీళ్ళకు కూలి ఎవరిస్తున్నారు?" అన్నాడు పెద్దన్నయ్య.

"ఎవరూ ఇవ్వట్లేదన్నయ్యా."

"మరి ఎందుకు చేస్తున్నారు?"

"ఆయన్ని అడుగు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీళ్ళిళ్ళలోనే ఉంటున్నారు."

పెద్దన్నయ్య గోడ మీద చెయ్యి వేసి చూశాడు. "అయితే రారన్నమాట," అన్నాడు.

"రాము అన్నయ్యా."

అతను చొక్కా విప్పి పక్కనున్న మొండి గోడ మీద వేసి, వరసలో మా ఆవిడ పక్కన చేరాడు. బస్సు టైమయ్యేదాకా ఇటుకలు అందించాడు. వెళ్ళేటప్పుడు నాతో అన్నాడు. "మీరేనా ఆ బావ? మా చెల్లెలు ఫోన్లో మీ గురించే చెప్తుంది. తిడుతుంది కూడా."

"తిట్టాల్సిందే," అన్నాను.

మే 11, ఆదివారం

పైకప్పు పడింది.

మే 17

బావ తన ఇంటికి వైర్లు లాగడం మొదలుపెట్టాడు. ఈసారి పొయ్యి గదితోనే మొదలుపెట్టాడు. చెల్లెమ్మ ముక్కాలి పీట వేసుకుని అక్కడే కూర్చుంది. ప్రతి గోడా అయ్యాక "అయిందా? చూపించు," అంటోంది. చూపిస్తున్నాడు.

మే 25, ఆదివారం

ఇవాళ వాళ్ళు ఇంట్లోకి వెళ్ళే రోజు. సాయంత్రం అయిదింటికి అందరూ రండి అని చెల్లెమ్మ ఇంటింటికీ వెళ్ళి పిలిచింది. మా ముందు గదిలోంచి పరుపులు తీసేశాక గది మరీ పెద్దగా కనబడింది. మా ఆవిడ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. వీధి చివరికేగా వెళ్తున్నారు అన్నాను. "తెలుసులే," అంది.

అయిదింటికి అందరూ వచ్చారు. మేస్త్రి తెల్ల చొక్కాలో గుర్తుపట్టలేనట్టున్నాడు. టీచరమ్మ గోడల్ని వేలితో కొట్టి చూసింది. పాప రెండు గదుల మధ్య పరుగులు. పెద్దన్నయ్య కూడా పెట్టె నిండా సామాను తెచ్చాడు. అన్నీ ఉన్నాయి, అందరూ ఉన్నారు. బావ లేడు.

చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి వీధి అటూ ఇటూ చూస్తోంది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నాకూ భయం పట్టుకుంది. మళ్ళీ ఏం ముంచుకొచ్చింది? ఆ మంట రోజు లాగే పరుగెత్తాను.

పది ఇళ్ళు దాటగానే వినబడింది బావ గొంతు. గుమాస్తా ఇంట్లోంచి. ఇంతకాలం పిలవని ఇల్లు అదొక్కటే.

తలుపు తీసే ఉంది. లోపల చీకటి. గుమాస్తా టార్చి పట్టుకుని నిలబడ్డాడు. బావ నిచ్చెన మీద, కొత్త బట్టల్లో, నోట్లో టేపు ముక్కతో. నన్ను చూసి గుమాస్తా తల దించుకున్నాడు.

"మెయిను పేలిపోయింది. అమ్మకు ఊపిరాడటానికి పెట్టిన మిషను ఆగిపోయింది, ఫ్యాను కూడా లేదు. బజారోడు రేపొస్తానన్నాడు. ఇవాళ వీళ్ళ ఇంట్లోకి వెళ్ళే రోజని తెలుసు. అయినా..." టార్చి వెలుగు బావ చేతుల మీదికి సర్దాడు. "దారిలో ఆపి అడిగాను. అడగ్గానే వచ్చాడు."

పక్క గదిలో ముసలావిడ మంచం మీద లేచి కూర్చుని, ఆయాసపడుతూనే నా వైపు చెయ్యి ఊపింది.

"అక్కడ అందరూ నీ కోసమే చూస్తున్నారు బావా," అన్నాను. "చెల్లెమ్మ కంగారు పడుతోంది."

బావ టేపు ముక్క నోట్లోంచి తీశాడు. "పనుండి పిలిచారని చెప్పు బావా. దానికి కంగారు తగ్గుతుంది."

నేను కిటికీలోంచి తల బయటపెట్టి, వీధి చివర కనబడుతున్న చెల్లెమ్మను చూసి, గొంతు చించుకుని అరిచాను. "పనికి పిలిచారమ్మా!"

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అక్కడున్న అందరికీ ఏదో చెప్పింది. పెద్ద నవ్వు వినబడింది, ఇంత దూరానికీ.

నిచ్చెన ఒక కాలు కొంచెం ఊగుతోంది. బావ దిగేదాకా పట్టుకుని నిలబడ్డాను.